ఎండను దాచుకునే కొండలు

కడప జిల్లా యర్రగుంట్ల మండలంలోని కలమల్లకు తెలుగువాళ్ల చరిత్రలో పెద్ద పేరుంది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలంలో, సుమారు క్రీ.శ. 575లో, చెక్కించిన శాసనం ఈ ఊరి చెన్నకేశవాలయం ఆవరణలో దొరికింది. తెలుగులో తొలి శాసనంగా పండితులు దీన్నే చెబుతారు. పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత, 1994లో, ఈ ఊరి పక్కనే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ మొదలైంది. జనం నోట అది ఆర్‌టీపీపీ. 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్లది ఒకటి, మొత్తం 1,650 మెగావాట్లు.

సీమలో బొగ్గు లేదు. సింగరేణి గనుల నుంచి వందల కిలోమీటర్లు రైలెక్కి రావాలి. నీళ్లు మైలవరం జలాశయం నుంచి తోడాలి. ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే ముప్పాతిక కిలో దాకా బొగ్గు కాలుతుంది, కిలోకు అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. తనకు లేని బొగ్గునూ, తనకే చాలని నీళ్లనూ పెట్టి కరెంటు చేసుకోవడం ఈ ప్రాంతం మూడు దశాబ్దాలుగా చేస్తున్న పని. ఇక్కడ ధారాళంగా ఉన్నవి ఎండ, గాలి, రాతికొండలు. వీటిని కరెంటు చేసే ఆలోచన కర్నూలు, కడప జిల్లాల్లో పట్టాలెక్కి పదేళ్లయింది. ఆ పదేళ్లలో ఎంతో సాధించారు. ఎండను తట్టుకుని బతకాల్సిన మనుషుల వైపు మాత్రం అడుగు అంత వేగంగా పడలేదు. ఈ రెండూ కలిపి చూస్తేనే ఇక్కడ జరుగుతున్నది అర్థమవుతుంది.

కలమల్లకు ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో గని, శకునాల గ్రామాలున్నాయి. ఓర్వకల్లు, గడివేముల మండలాల మధ్య గులకరాళ్ల బీళ్లు. 2017లో ఇక్కడ 1,000 మెగావాట్ల కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు పనిచేయడం మొదలుపెట్టింది. ఒకే చోట ఉన్న సౌర పార్కుల్లో ఆనాటికి ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. 5,932 ఎకరాల్లో నలభై లక్షలకు పైగా పలకలు పరిచారు. భూమి సేకరించి, రోడ్లూ సబ్‌స్టేషన్లూ కట్టి ఇచ్చింది ఆంధ్రప్రదేశ్ సౌర విద్యుత్ సంస్థ. పలకలు పెట్టి కరెంటు అమ్మేది ప్రైవేటు కంపెనీలు. భూమి గొడవలు, లైన్ల అనుమతులు కంపెనీ నెత్తిన లేకపోతే రేటు తగ్గుతుందన్నది సోలార్ పార్కుల వెనకున్న లెక్క.

రేటు నిజంగానే తగ్గింది. గని పార్కులో 500 మెగావాట్లకు ఎన్టీపీసీ 2015 నవంబరులో వేలం పెడితే యూనిట్‌కు 4 రూపాయల 63 పైసల బిడ్ వచ్చింది. అప్పటికి దేశంలో అదే అతి తక్కువ ధర. ఆ బిడ్ వేసిన సన్‌ఎడిసన్ అనే అమెరికా కంపెనీ ఆరు నెలలు తిరగకుండానే దివాలా తీసింది. ప్రాజెక్టును హైదరాబాదుకు చెందిన గ్రీన్‌కో తీసుకుంది. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కులో 250 మెగావాట్లకు వేలం జరిగినప్పుడు ధర 3 రూపాయల 15 పైసలకు దిగింది. ఏడాదిన్నరలో మూడో వంతు తగ్గుదల. చైనాలో పలకల తయారీ విపరీతంగా పెరగడం దీనికి ముఖ్య కారణం.

చౌకైన కరెంటు రాజకీయమూ తెచ్చింది. పాత ఒప్పందాల్లో ఎక్కువ రేటు ఇచ్చామంటూ 2019లో రాష్ట్ర ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాలను తిరగదోడింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. ఒప్పందంలో రాసిన రేటే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. పాతికేళ్లకు రాసుకున్న కాగితం రెండేళ్లకే మారుతుందనిపిస్తే తర్వాత వచ్చే కంపెనీ ఆ భయాన్ని కూడా రేటులో కలుపుతుంది. ఆ భారం చివరికి మోసేది కరెంటు బిల్లు కట్టేవాళ్లే.

ఎండ ఎంత మండితే అంత కరెంటు వస్తుందని చాలామంది అనుకుంటారు. సిలికాన్ స్వభావం వేరు. దానికి వెలుగు కావాలి, వేడి వద్దు. పలక మీద రాసే సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచింది. కర్నూలులో మే నెల మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలుంటే పలక లోపల 70 డిగ్రీలకు చేరుతుంది. పెరిగిన ప్రతి డిగ్రీకీ ఉత్పత్తిలో వెయ్యిలో నాలుగు వంతులు తరుగుతాయి. అంటే మండు వేసవిలో, వెలుగు దండిగా ఉన్న వేళే, ఆరో వంతుకు పైనే పోతుంది. గాలి చల్లగా, ఆకాశం తేటగా ఉండే మాఘ, ఫాల్గుణ మాసాలే పలకలకు మంచి రోజులు. వాతావరణం వేడెక్కే కొద్దీ సౌర విద్యుత్తుకూ నష్టమే. ఇంకో శత్రువు దుమ్ము. కడిగితే నీళ్లు ఖర్చు, కడగకపోతే కరెంటు నష్టం. నీళ్లు లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాలు పెద్ద పార్కుల్లోకి వచ్చింది అందుకే.

వెయ్యి మెగావాట్ల పార్కు అంటే వెయ్యి మెగావాట్ల థర్మల్ కేంద్రంతో సమానం కాదు. రాత్రిళ్లూ మబ్బులూ పోగా ఏడాది సగటున సౌర పార్కు తన సామర్థ్యంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు వరకే పనిచేస్తుంది. వెయ్యి మెగావాట్లకు నాలుగో వంతు చొప్పున లెక్కేస్తే ఏడాదికి 219 కోట్ల యూనిట్లు. అంత కరెంటు బొగ్గుతో చేస్తే ఇరవై లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ లేచేది. 2025 జూన్ నాటికి దేశ విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, డీజిలు కాని వనరులదే అయింది. 2030కి పెట్టుకున్న గురి ఐదేళ్లు ముందే అందింది. కానీ ఇళ్లకూ ఫ్యాక్టరీలకూ వాస్తవంగా చేరే కరెంటులో దాదాపు మూడొంతులు ఇప్పటికీ బొగ్గుదే. సామర్థ్యానికీ ఉత్పత్తికీ మధ్య ఉన్న ఈ తేడా కనిపించేది సాయంత్రం ఆరు గంటలకు.

పొద్దు వాలేసరికి గని పార్కు ఉత్పత్తి సున్నాకు దిగుతుంది. సరిగ్గా అప్పుడే ఊళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు, మిక్సీలు అన్నీ ఒక్కసారి తిరుగుతాయి. ఆ గంటల్లో మళ్లీ కలమల్ల పొగగొట్టాలే దిక్కు. పగలు సోలార్ ముంచెత్తినప్పుడు థర్మల్ యూనిట్లను తగ్గించమంటారు, సాయంత్రం పెంచమంటారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో పెట్టిన నియమాల ప్రకారం అవి 55 శాతం దాకా దిగి నడవగలగాలి. నిలకడగా మండేందుకు కట్టిన బాయిలర్లు రోజూ ఇలా ఎక్కీ దిగీ అలిసిపోతాయి. గొట్టాలు పగుళ్లిస్తాయి, బొగ్గు ఖర్చు పెరుగుతుంది. పగటి ఎండను సాయంత్రానికి దాచిపెట్టే ఉపాయం దొరికితే తప్ప ఈ పీటముడి విడిపోదు.

ఆ ఉపాయం గనికి దగ్గర్లోనే, పాణ్యం మండలం పిన్నాపురం కొండల్లో ఉంది. 2022 మే 17న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ఇక్కడ గ్రీన్‌కో ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. కొండ మీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం, రెంటినీ కలుపుతూ లావు గొట్టాలు, మధ్యలో విద్యుత్ కేంద్రం. పగలు మిగిలిన సౌర, పవన విద్యుత్తుతో కింది నీళ్లను పైకి తోడతారు. సాయంత్రం అవే నీళ్లను కిందికి వదిలితే, పగలు పంపుగా తిరిగిన యంత్రమే వెనక్కి తిరిగి కరెంటు పుట్టిస్తుంది. సామర్థ్యం 1,680 మెగావాట్లు. పై జలాశయం నిండుగా ఉంటే ఆరు గంటలు ఏకధాటిగా నడుస్తుంది. అంటే ఒక విడతలో కోటి యూనిట్లకు పైమాట.

ఇంత నీరెందుకో చిన్న లెక్కతో తేలుతుంది. వెయ్యి లీటర్ల నీరు వంద మీటర్ల ఎత్తు నుంచి దిగితే వచ్చేది పావు యూనిట్‌కు కాస్త ఎక్కువ, అంతే. భూమి ఆకర్షణ శక్తి అంత పలచనిది. కోటి యూనిట్లు కావాలంటే టీఎంసీకి అటూఇటూగా నీరుండాలి. టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. కరువు సీమలో ఆ మాట వింటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అయితే పిన్నాపురం నది మీద కట్టింది కాదు. దగ్గర్లోని గోరకల్లు రిజర్వాయరు నుంచి ఒకసారి నింపుకుంటే చాలు, ఆ నీళ్లే ఏళ్ల తరబడి పైకీ కిందికీ తిరుగుతాయి. ఎండకు ఆవిరైపోయినంత మేరకు ఏటా కలపాలి. సీమ ఎండలో అది చిన్న మొత్తమేమీ కాదు. ఏ ఏడాది ఎంత తీసుకున్నారన్న లెక్క గోరకల్లు కింద పొలాలున్న రైతులకు ఊళ్లోనే తెలిసేలా ఉండాలి.

తోడినంత కరెంటూ తిరిగి రాదు. నాలుగు యూనిట్లు పెట్టి తోడితే మూడో, మూడుకు కాస్త ఎక్కువో వస్తుంది. మిగిలింది గొట్టాల రాపిడికీ యంత్రాల వేడికీ పోతుంది. అయినా లాభమే. మధ్యాహ్నం మిగిలిపోయే యూనిట్‌కు విలువ తక్కువ, రాత్రి ఎనిమిది గంటల యూనిట్‌కు విలువ ఎక్కువ. బ్యాటరీలు పదిపదిహేనేళ్లకు చప్పబడతాయి, రాతికొండ తరాలపాటు ఉంటుంది. ఈ పద్ధతి తెలుగువాళ్లకు బొత్తిగా కొత్తదీ కాదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యంత్రాలు నీటిని వెనక్కి తోడగలిగేలా బిగించినవే. అక్కడ కృష్ణలో నీళ్లు, సాగునీటి అవసరాలు, రెండు రాష్ట్రాల వాటాలు అన్నీ కుదిరితేనే ఆట సాగుతుంది. నదికి దూరంగా, తన నీళ్లు తనే తిప్పుకునే పిన్నాపురానికి ఆ తగవు లేదు.

కొండలు ఇలా ఉండటం కోట్ల ఏళ్ల వెనకటి కథ. భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అనే ఈ రాతి గిన్నెలో దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల నుంచి ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డాయి. పైన బల్లపరుపు, అంచులు నిట్టనిలువు. రెండు జలాశయాల మధ్య తక్కువ దూరంలో ఎక్కువ ఎత్తు కావాలనుకునే ఇంజనీరుకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు. పెన్నా చీల్చిన గండికోట లోయ దగ్గర కూడా ఇలాంటి ప్రాజెక్టు తలపెట్టింది అందుకే. కర్నూలు పడమట ఆస్పరి, మొలగవల్లి వైపు గాలిమరలు నైరుతి గాలులకు జోరుగా తిరుగుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు పలకలను కప్పేసే నెలలూ అవే. ఎండ తగ్గిన ఋతువులో గాలి ఆ లోటు పూడుస్తుంది.

ఈ రాతి గిన్నెలో ఇంకోటి ఉంది. దాని గురించి సోలార్ గురించి మాట్లాడినంత ఎవరూ మాట్లాడరు. సున్నపురాయి. యర్రగుంట్ల, కమలాపురం, కొలిమిగుండ్ల, గడివేముల వైపు వెళ్తే వరసగా సిమెంటు ఫ్యాక్టరీలే. సిమెంటుకు బట్టీలో బొగ్గు కాలుతుంది నిజమే, కానీ అసలు సమస్య రాయిలోనే ఉంది. సున్నపురాయిని కాలిస్తే సున్నంగా మారుతూ లోపలున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. స్వచ్ఛమైన రాయి వంద కిలోలు కాలిస్తే 44 కిలోలు గాలిలోకే పోతుంది. బట్టీని రేపు పూర్తిగా సౌర విద్యుత్తుతో నడిపినా ఈ 44 కిలోలు ఆగవు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటుదే. గని పార్కు మిగిల్చిన దాంట్లో ఎంత భాగాన్ని పక్క మండలాల బట్టీలు తినేస్తున్నాయన్నది ఏటా ప్రభుత్వం పక్కపక్కన పెట్టి ప్రకటించాల్సిన లెక్క.

దారి లేకపోలేదు. కాల్చిన రాయి, అంటే క్లింకర్, పాలు తగ్గించడం. ఆర్‌టీపీపీ లాంటి కేంద్రాల బూడిదను, ఉక్కు ఫ్యాక్టరీల స్లాగ్‌ను క్లింకర్‌లో కలిపితే సిమెంటు గట్టిదనం తగ్గదు, సున్నపురాయి తక్కువ కాలుతుంది. గడివేముల మండలం బిలకలగూడూరులోని ఫ్యాక్టరీ స్లాగ్ సిమెంటు తయారుచేస్తోంది. కానీ థర్మల్ కేంద్రాలు తగ్గే కొద్దీ బూడిదా తగ్గుతుంది. అప్పుడు కావలసింది, దేశంలోని ఐఐటీలు, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు కలిసి మెరుగుపరిచిన ఎల్‌సీ3 సిమెంటు. దీంట్లో క్లింకర్ సగమే. మిగతా సగంలో ఎక్కువ పాలు తక్కువ వేడిలో కాల్చిన బంకమన్ను, కొంత కాల్చని సున్నపురాయి పొడి. క్లింకర్‌కు పనికిరాదని గనుల పక్కన గుట్టలు పోసిన నాసిరకం రాయి కూడా దీంట్లో చెల్లుతుంది. యర్రగుంట్ల చుట్టూ అలాంటి గుట్టలకు కొదవ లేదు.

ప్రపంచం పెట్రోలు మానుకుంటే పాత కడప జిల్లాలో ఒక ఊరు ఆ సెగను నేరుగా అనుభవిస్తుంది. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ప్రపంచంలోనే అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటుంది. ఈ బరువైన రాతి పొడి ఎక్కువగా పోయేది చమురు బావులు తవ్వేచోటికి. బావిలోంచి చమురు, గ్యాసు ఒత్తిడితో ఎగదన్నకుండా ఈ పొడి కలిపిన బురద అదిమిపెడుతుంది. చమురు తవ్వకాలు తగ్గే నాటికి ఆ గనులూ పల్వరైజింగ్ మిల్లులూ నమ్ముకున్న కుటుంబాలు ఏం చేస్తాయన్న ఆలోచన ఇప్పుడే మొదలవ్వాలి. వేముల మండలం తుమ్మలపల్లెది మరో రకం కథ. 2012 నుంచి అక్కడ యురేనియం తీస్తున్నారు. అణు విద్యుత్తులో కార్బన్ తక్కువే. కానీ శుద్ధి చేశాక మిగిలిన వ్యర్థాల చెరువు వల్ల తమ బోరు నీళ్లు చెడిపోతున్నాయని మబ్బుచింతలపల్లె, కె.కె. కొట్టాల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. కార్బన్ తక్కువైనంత మాత్రాన ఆ నీళ్లకు జవాబు చెప్పాల్సిన పని తప్పదు.

భూమి సంగతీ అంతే. కాగితాల్లో బీడు అని రాసిన నేల మీద జీవాలు మేసేవి. గొర్రెల కాపరులకు పట్టా ఉండదు, మేపుకునే అలవాటే వాళ్ల హక్కు. ఐదారు వేల ఎకరాలకు కంచె పడితే పరిహారం పట్టా ఉన్నవాళ్లకు వస్తుంది, మంద మాత్రం దూరం నడవాలి. పార్కు కట్టేటప్పుడు వేల మందికి పని దొరికింది. కట్టాక మిగిలేవి పలకలు తుడిచే, గడ్డి కోసే, కాపలా కాసే కొలువులే.

పక్షికీ ఆ బీడే ఇల్లు. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేశారు. మీటరు ఎత్తుండే ఈ బరువైన పక్షికి పక్కలకు చూపు బాగా ఆనుతుంది, ఎదురుగా తక్కువ. ఎగురుతూ ఎగురుతూ కరెంటు తీగలకు కొట్టుకుంటుంది. రోళ్లపాడులో అది అరుదైపోవడానికి మొదటి కారణం సౌర విద్యుత్తు కాదు. సాగునీరొచ్చి, చుట్టుపక్కల గడ్డినేలలు పొలాలు కావడంతోనే దాని చోటు కుదించుకుపోయింది. ఇప్పుడు దేశం మొత్తం మీద నూటయాభై దాకా మిగిలాయని అంచనా, చాలావరకు రాజస్థాన్‌లో. అక్కడ ఈ పక్షి కోసం తీగలను భూమిలో వేయాలా వద్దా అన్న కేసులో 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చరిత్రలో నిలిచేది. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగం 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కు అని కోర్టు మొదటిసారి చెప్పింది. ఒక గడ్డినేల పక్షి కేసులో మనుషుల హక్కు తేలింది.

ఆ హక్కు సీమవాళ్లకు ఎంత అవసరమో పాత లెక్కలే చెబుతాయి. 1871లో కర్నూలు జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. 1876–78 నాటి కరువు తర్వాత, 1881 లెక్కల్లో, అది నాలుగో వంతు తగ్గింది. ఆ కరువుకు ఎల్ నీనో ఒక కారణం, వలస పాలన నిర్దయ ఒక కారణం. సుంకేసుల నుంచి కర్నూలు–కడప కాలువ అప్పటికే తవ్వి ఉంది. అయినా జనం చచ్చిపోయారు.

ఇప్పటి ప్రమాదం కరువొక్కటే అయితే ఎదుర్కోవడం కొంత తేలిక. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల నీటి ఆవిరి ఏడు శాతం పెరుగుతుంది. దాంతో వాన పడని రోజులు పొడవవుతాయి, పడిన రోజున కుండపోత అవుతుంది. 2009 దేశానికంతటికీ 1972 తర్వాత అంత గడ్డు వర్షాభావ సంవత్సరం. సెప్టెంబరు దాకా కరువు మాటే. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది, మంత్రాలయం మునిగింది. శ్రీశైలంలో ఇరవై లక్షల క్యూసెక్కుల లోపు వరదకే కట్టిన డ్యాం మీదికి పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిపడింది. ఒకే ఏడాది కరువు మండలాల జాబితా, వరద బాధితుల జాబితా రెండూ తయారు చేయాల్సి వచ్చింది.

2021 నవంబరు మొదట్లో గ్లాస్గో సదస్సులో భారత్ 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నా చేస్తామని ప్రకటించింది. అదే నెల 19న తెల్లవారుజామున అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట ముందే తెగింది. ఆ నీళ్లన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట, గుండ్లూరు కొట్టుకుపోయాయి, పదుల మంది ప్రాణాలు పోయాయి. రెండు వారాలకు పార్లమెంటు డ్యాం భద్రత చట్టాన్ని ఆమోదించింది. ఆ కట్ట ఎంత వరదకు తట్టుకోవాలో లెక్కగట్టింది పాత వానలతో. సీమలో ఇలాంటి మధ్యతరహా, చిన్న ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. ప్రతి కట్టకూ కొత్త వానల లెక్క వేసి, గేట్లు కదులుతున్నాయో లేదో ఏటా చూడటం సౌర పార్కు ప్రారంభోత్సవంలా పేపర్లలో రాదు. ప్రాణాలు నిలిపేది మాత్రం అదే.

పొలాల్లో మార్పు నెమ్మదిగా వచ్చింది గానీ గట్టిగా వచ్చింది. నలభై ఏళ్ల కిందట ఆంధ్రలో శనగ పంట నామమాత్రం. అది ఉత్తరాది చలి పంట అనుకునేవారు. 1999లో విడుదలైన జేజీ 11 రకం, ఎండు తెగులును తట్టుకుంటూ వంద రోజుల్లో చేతికొచ్చి, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు నల్లరేగడిని శనగ చేలుగా మార్చింది. వానాకాలం తడిని రేగడి నెలల తరబడి దాచుకుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో విత్తితే ఆ పదునుతోనే, బోరు మాటే లేకుండా, పంట పండుతుంది. వేర్ల బొడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు పడతాయి. యూరియా అవసరం తగ్గుతుంది. యూరియా వేసిన నేల నుంచి లేచే నైట్రస్ ఆక్సైడ్ వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 270 రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 ధీర రకాన్ని ఇచ్చింది. కొర్రల్లో సూర్యనంది లాంటి రకాలూ అక్కడివే. శనగకు ఇప్పుడు రెండు భయాలు. పూత మీద ఉన్నప్పుడు 35 డిగ్రీలు దాటితే కాయ నిలవదు. పండిన ఏడాది ధర నిలవదు.

ఎర్ర నేలల్లో ఇంకో ప్రయత్నం నడుస్తోంది. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి సేద్యం సీమలో ఒక కొత్త పద్ధతిని పట్టుకుంది. తొలకరికి ముందే, ఏప్రిల్, మే నెలల ఎండుదుక్కిలో, నవధాన్యాల విత్తనాలకు మట్టి, బూడిద, జీవామృతం పూత పెట్టి చల్లేస్తారు. చెత్తాచెదారంతో నేలను కప్పుతారు. ఒకటి రెండు వేసవి జల్లులకే అవి మొలిచి, జూన్ నాటికి నేల పచ్చగా ఉంటుంది. పశువులకు మేత, నేలకు ఎరువు. బోడి నేల మీద పడిన వాన పైమట్టిని కడుక్కుపోతుంది, వేర్లున్న నేలలో ఇంకుతుంది. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం, మట్టి శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తోనూ ఈజిప్టు సంస్థ సెకెమ్‌తోనూ కలిపి, వచ్చింది. దిగుబడుల మీద శాస్త్రవేత్తల్లో వాదాలున్నాయి. పులివెందులలో జర్మనీ సాయంతో ఏర్పాటైన పరిశోధన అకాడమీ ఏళ్ల తరబడి కొలిచి తేల్చాల్సిన విషయం అది. నేల తడిని పట్టి ఉంచడం మాత్రం కొలత లేకుండానే పిడికిట్లో మట్టి తీసుకున్న రైతుకు తెలుస్తుంది.

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా వేల కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకూ తెలంగాణ పత్తి చేలకూ పోతాయి. బడి మధ్యలో పిల్లలూ పోతారు. ఊళ్లో నీళ్లుంటే ఎవరూ కదలరు. ఇక్కడే కరెంటు కథ, పొలం కథ కలుస్తాయి. ఒకప్పుడు సాగుకు కరెంటు రాత్రిపూటే వచ్చేది. చీకట్లో మోటారు దగ్గరికి పోయి పాము కాటుకూ షాకుకూ చనిపోయిన రైతులు సీమలో ఊరూరా ఉన్నారు. పగటిపూట సౌర విద్యుత్తు పెరిగాక సాగుకు తొమ్మిది గంటలూ పగలే ఇవ్వడం సాధ్యమైంది. ప్రపంచం దృష్టిలో అది తక్కువ కార్బన్ విద్యుత్తు, ఇక్కడి ఇల్లాలికి అది మొగుడు రాత్రి ఇంట్లో ఉండటం. అయితే ఉచిత కరెంటు పగలంతా పారితే బోర్లు ఇంకా లోతుకు దిగుతాయి. డ్రిప్పు, భూగర్భజలం లెక్క తోడు లేకపోతే సూర్యుడే బావులను ఎండగడతాడు.

దీనికి కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో ఒక వెసులుబాటుంది. సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు బంజరు పొలంలో అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల సౌర కేంద్రాన్ని రైతే, లేదా రైతుల సంఘమే, పెట్టుకోవచ్చు. పెట్టుబడి లేకపోతే భూమిని కౌలుకిచ్చి ఏటా అద్దె తీసుకోవచ్చు. మెగావాటుకు ఐదెకరాల దాకా చాలు. కరెంటు అక్కడి ఫీడరులోనే పారి అక్కడి మోటార్లనే తిప్పుతుంది కాబట్టి దూరపు లైన్లలో పోయే నష్టం ఉండదు. పలకలను కొంచెం ఎత్తులో బిగిస్తే కింద జీవాలు మేస్తాయి. వేల ఎకరాల పార్కుకు భూమి పూర్తిగా పోయే రైతుకూ, ఐదెకరాల రాళ్ల చేను మీద పాతికేళ్లు అద్దె తీసుకునే రైతుకూ మధ్య చాలా తేడా ఉంది. 2024 అక్టోబరులో రాష్ట్రం ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్లకు పైగా లక్ష్యం పెట్టుకుంది, అంటే గని పార్కుకు నూటఅరవై రెట్లు. అందులో ఎన్ని మెగావాట్లు ఆస్పరి, కోసిగి, వేముల రైతుల సొంత పొలాల్లో నిలబడాలన్నది మండలాలవారీగా ఇప్పుడే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే మంచి ఎండ, దగ్గర్లో సబ్‌స్టేషన్ ఉన్న నేలకు కంపెనీల బేరాలు ఇప్పటికే మొదలయ్యాయి.